తవిటికి యాభై పర్సెంటు

212వ తుడుపు

పడవ వచ్చింది. కొత్త పలకలు తెచ్చింది. పాత పలకల్ని రేవులోనే లాక్కుని గోనెసంచుల్లో పడేశారు. డబ్బా ఇంటికి తెచ్చి విప్పితే పలక ఉంది, పలక తుడుచుకునే గుడ్డముక్క ఉంది, చార్జరు మాత్రం లేదు. గుమస్తా పురుషోత్తాన్ని అడిగితే చార్జర్లు వచ్చే పడవలో వస్తాయన్నాడు. వచ్చే పడవ ఎప్పుడొస్తుందయ్యా అంటే, వచ్చినప్పుడు మైకులో చెప్తామన్నాడు. ఇంత మాత్రం చెప్పడానికి ఆయనకో కుర్చీ, ఓ ఫ్యానూ.

నేను మూడో వరస మేస్త్రీని. ఎండ అద్దాల మీద పేరుకున్న ఉప్పుని మా వరస ఆడవాళ్ళు రోజూ పొద్దున్నే పొడి బ్రష్షులతో గీకి తుడుస్తారు. ఎన్ని అద్దాలు తుడిచారో చీటీ రాసి ఆఫీసులో ఇస్తాను. నకలు నా దగ్గరుంటుంది. ఆ నకళ్ళ వెనకే ఇది రాస్తున్నాను. చుట్టూ ఉప్పునీళ్ళున్న ఈ మిట్ట మీద తారీఖులు ఎవరికీ గుర్తుండవు, రోజుల్ని తుడుపుల్తోనే చెప్పుకుంటాం. ఈ ఏడు మొదలయ్యాక ఇది 212వది. అద్దాల కరెంటంతా పైకి, కొండమీది ఊరికి పోతుంది. మాకు పదింటి నుంచి రెండింటి దాకా నాలుగు గంటలిస్తారు. ఇంటికో చార్జరు, గోడలోనే బిగించి ఉంటుంది. ఐదు వాట్లది. పాత పలకలకి బానే సరిపోయేది.

ఇంట్లో నేనూ, నా తోటికోడలు తవిటమ్మా. నాకంటే ఆరేళ్ళు చిన్నది. అన్నదమ్ములిద్దరూ ఒకే బోటులో, ఒకే రోజు పోయారు. పద్నాలుగు నెలలైంది. మనుషులు దొరకలేదు. వాళ్ళ పలకలు ఆరిపోయాయి, మైకులో పేర్లు పిలిచారు, అంతే. మిట్ట మీద చావంటే అదే. ఉప్పెన వచ్చిన ఏడు ఎవరు ఉన్నారో ఎవరు పోయారో తెలియక, ఎవరి పలక ఆరిందో చూసి పేర్లు పిలిచారట. అప్పట్నుంచి అదే పద్ధతి. అందుకే బతికున్నవాళ్ళ పలకని ఎవరూ ఆర్పరు. గుమ్మం దాటేముందు పలకని వేలితో ఒకసారి తట్టి, వెలిగిందని చూసుకుని గాని కదలరు. నడకొచ్చిన ప్రతి బిడ్డకీ ముందు నేర్పేది అదే.

ఆయన పోయిన దగ్గర్నుంచి నాకు లోపల ఏమీ తెలియడం లేదు. పన్ను పీకేముందు మందిస్తే బుగ్గ ఉంటుందే, అలా ఉంది ఒళ్ళంతా. అన్నం తింటున్నాను, పనికెళ్తున్నాను, అందరినీ తిడుతున్నాను. ఏడుపు మాత్రం రాలేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఉప్పుపొడి పీల్చి పీల్చి తవిటి ఊపిరితిత్తులు పాడయ్యాయి. కొండమీది ఆసుపత్రి నుంచి డాక్టరు 221వ తుడుపు రోజు పన్నెండింటికి పిలుస్తుంది. పరీక్ష పలకలోనే. మధ్యలో ఆగిపోతే దండగని, పలకలో యాభై పర్సెంటు లేకపోతే అసలు కలపరు. ఇది తప్పిపోతే మళ్ళీ పిలుపు నాలుగు నెలలకి. నాలుగు నెలలు తవిటి ఆగదు. ఆ మాట దాంతో నేననలేదు, దానికి తెలుసు.

దాని కొత్త పలకలో ముప్ఫై నాలుగు ఉంది. నా దాంట్లో ముప్ఫై ఒకటి.


213వ తుడుపు

పాత చార్జరుకే పెట్టాం. రెండు గంటలు దానిది, రెండు గంటలు నాది. రెండింటికి కరెంటు పోయాక చూస్తే దానిది ముప్ఫై ఒకటి. నిన్నటికంటే మూడు తక్కువ. చార్జింగు పెడితే తగ్గడమేటో నాకర్థం కాలేదు.

తవిటి మంచం మీంచి చెయ్యి చాపి ప్రతి పావుగంటకీ తట్టి చూస్తోంది. తట్టినప్పుడల్లా ఆ అద్దం పెళ్ళిపందిరిలా వెలుగుతుంది. ఎన్నిసార్లు చూస్తావే, అన్నాను. చూడకపోతే భయమేస్తోందంది. ఈ పలక పాతదానికి రెండింతలుంది, వెలుగూ రెండింతలే.


214వ తుడుపు

పొద్దున్నే మైకులో పురుషోత్తం. కొత్త పలకలకి పాత చార్జర్లు పెట్టకూడదట, పెడితే లోపల కాలిపోతాయట, కాలితే పూచీ ఆఫీసుది కాదట. మరి దేనికి పెట్టాలో చెప్పలేదు.

మా వరసలో సగంమంది హడలిపోయి చార్జర్ల నుంచి పలకలు పీకేశారు. నేను ఆఫీసుకెళ్ళాను. పురుషోత్తం బల్ల మీద కొత్త చార్జరు ఉంది, లావుగా, తెల్లగా, దానికి ఆయన పలక తగిలించి ఉంది. తవిటి సంగతి చెప్పాను. రోజుకో గంట ఇక్కడ పెట్టుకుంటానన్నాను. అది ఆఫీసు పలకకే అన్నాడు. మనిషి ప్రాణమయ్యా అన్నాను. నీకిస్తే అందరికీ ఇవ్వాలి కదమ్మా అన్నాడు. ఒకప్పుడైతే ఆ బల్ల తిరగేసి ఉండేదాన్ని. ఇప్పుడు కోపం కూడా గొంతు దాకా వచ్చి ఆగిపోతోంది. సరేనని వచ్చేశాను.

ఇంటికొచ్చి పాత చార్జరుకే పెట్టాను. కాలితే కాలనీ అనుకున్నాను. కాలలేదు. సాయంత్రానికి తవిటిది ఇరవై ఎనిమిది.


215వ తుడుపు

దాలినాయుడి దగ్గరికెళ్ళాను. మిట్ట మీద పలకలు బాగుచేసేవాడు ఆయనొక్కడే. మూడేళ్ళ కిందట ఆయన పలక ఉప్పునీళ్ళ తొట్టిలో పడి ఆరిపోయింది. మైకులో పేరు పిలిచారు. ఆరిన పలక మూడు రోజుల్లో లేవకపోతే బతికున్నవాళ్ళ జాబితాలోంచి పేరు తీసేస్తారు. మళ్ళీ ఎక్కాలంటే కొండమీదికి అర్జీ. ఈయనకి పదకొండు నెలలు పట్టింది. అన్నాళ్ళూ చచ్చినవాడిగా తమ్ముడింట్లో తింటూ, ఊసుపోక పలకలు విప్పడం నేర్చుకున్నాడు. ఇప్పుడు బతికే ఉన్నాడు, కాగితం కూడా ఉంది. అయినా ఆయన చేతి మంచినీళ్ళు తాగడానికి జనం ఇంకా జంకుతారు. నేను తాగాను. నాకేం భయం.

మైకులో చెప్పింది చెప్పాను. నవ్వాడు. "చార్జరు ఎంతివ్వగలదో అంతే తీసుకుంటుంది వదినా ఈ పలక. కాలదూ, పేలదూ. ఆలస్యం, అంతే," అన్నాడు.

మరి తగ్గుతోందేం అన్నాను. చెంబుతో గంగాళం నింపుతున్నారు మీరు, ఆ గంగాళానికి చిల్లుందన్నాడు. పలక మెలకువగా ఉన్నంతసేపూ దాని తిండి అది తింటూనే ఉంటుంది. పాతవి చిన్నవి, తక్కువ తినేవి. ఇది ఎక్కువ తింటుంది. చార్జరు పోసేది ఆ తిండికే చాలదు, తట్టి వెలిగిస్తే ఇంకా చాలదు.

దానికి మందేటి అంటే, ఆర్పేసి పెడితే చక్కగా నిండుతుందని అనేసి, నాలిక కరుచుకున్నాడు. ఆర్పడం ఎలా కుదురుతుంది. మామూలువాళ్ళకి మూడు రోజులు గడువుంది గాని, ఆసుపత్రి పిలుపు కోసం ఉన్నవాళ్ళకి అదీ లేదు. పలక ఆరిన నిమిషంలో వాళ్ళ వరస పక్కవాడికి పోతుంది. తవిటి పలక ఆర్పితే తవిటిని మేమే చంపినట్టు.

అప్పుడాయన నేల మీద సుద్దముక్కతో లెక్క వేసి చూపించాడు. అద్దం వెలిగించకుండా నాలుగు గంటలూ ఒకే పలకకి పెడితే పద్నాలుగు ఎక్కుతుంది. మర్నాడు కరెంటు వచ్చేలోపు ఎనిమిది దిగుతుంది. రోజుకి ఆరు మిగులు. అదే రెండు పలకలు పంచుకుంటే చెరి ఏడూ ఎక్కుతుంది, చెరి ఎనిమిదీ దిగుతుంది. రోజుకి ఒకటి చొప్పున రెండూ కిందికే.

"పక్కింటి చార్జరు?" అన్నాను. పక్కింట్లో నాలుగు పలకలున్నాయని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

ఈ పూట తవిటిది ఇరవై ఆరు. నాది ఇరవై ఏడు. ఇంకా ఆరు రోజులుంది.


216వ తుడుపు

నా పలకని తవిటి పక్కనుంచి తీసేశాను. వరస దగ్గర షెడ్డు గోడలో ఓ చార్జరు ఖాళీగా ఉంది, నాది అక్కడ పెట్టుకుంటున్నానని చెప్పాను. షెడ్డులో చార్జరూ లేదు, గిర్జరూ లేదు. నా పలక పాత చీర ముక్కలో చుట్టి బియ్యం డబ్బాలో పెట్టాను.

తవిటిని కూర్చోబెట్టి చెప్పాను. ఒలే, నువ్వు తట్టిన ప్రతిసారీ ఒక పర్సెంటు పోతోంది, చెయ్యి కట్టుకుని కూర్చో, అని. తట్టకుండా ఎలా అక్కా, ఆరిపోతే ఎలా తెలుస్తుంది, అంది. ఆరితే మైకువాడే చెప్తాడు, నీకెందుకా బెంగ అన్నాను. నవ్వబోయి దగ్గింది. ఆ దగ్గు మొదలైతే పది నిమిషాలు. నేను వీపు రాశాను. పలక మీద ఓ గుడ్డ కప్పి, గుడ్డ మీద పప్పుగిన్నె పెట్టాను, చెయ్యి పోకుండా.

సాయంత్రం తవిటిది ముప్ఫై రెండు. మొదటిసారి పెరిగింది. నాకేమైనా సంతోషం కలుగుతుందేమోనని కాసేపు చూసుకున్నాను. ఏమీ కలగలేదు.


217వ తుడుపు

తవిటిది ముప్ఫై ఎనిమిది. నాది ఏడు.

ఇది ప్రేమా గీమా అని ఎవరైనా అనుకుంటారేమో, కాదు. ప్రేమ ఉంటే తెలియాలి కదా, నాకేమీ తెలియడం లేదు. లెక్క అంతే. ఒక చార్జరుకి ఒక పలకే నిలుస్తుంది. ఊపిరి కోసం చూస్తున్న మనిషి పలక నిలవాలా, ఊపిరి ఉండీ ఏం చేసుకోవాలో తెలియని మనిషి పలక నిలవాలా?

రేపు పొద్దున్న ఆరుతుంది.


218వ తుడుపు

తొమ్మిదింటికి వరసలో ఉండగా మైకులో నా పేరు వచ్చింది. నీలవేణి, మూడో వరస, పలక ఆరింది. రెండుసార్లు చదివాడు. నా వరస ఆడవాళ్ళంతా బ్రష్షులు దించి నావైపు చూశారు. ఆపకండర్రా, ఇంకా పద్దెనిమిది అద్దాలున్నాయి అన్నాను. ఎవరూ కదల్లేదు. పేరు పిలిచాక ఆ ఇంటి గుమ్మంలో నీళ్ళు పోసేదాకా పని ముట్టుకోకూడదు. నా చావుకి నా వరసే ఆగిపోయింది.

పురుషోత్తం చీటీ పుచ్చుకోలేదు. ఆరిన మేస్త్రీ సంతకం చెల్లదమ్మా అన్నాడు, నా మొహం చూడకుండా. మూడు రోజుల్లో పలక లేస్తే రమ్మన్నాడు. చార్జరు ఇవ్వు, ఇప్పుడే లేపుతాను అన్నాను. బల్ల మీద కాగితాలు సర్దుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి పదకొండయింది. తవిటి తన పలక పీకేసి నాది పెట్టింది. బియ్యం డబ్బా వెతికి తీసింది. మైకులో నా పేరు విని అరిచిందట, గొంతు రాలేదట. మంచం మీంచి గోడ దాకా పాక్కుంటూ వచ్చింది. నేను వెళ్ళేసరికి గోడకి ఆనుకుని కూర్చుని నా పలకని తడుతోంది. నల్లగా ఆరిన పలక లేవడానికి చాలాసేపు తాగాలి, ఇంకా లేవలేదు. పీకేశాను. దాని పలక మళ్ళీ తగిలించాను. ఒక గంట పోయింది.

"నన్నడిగేవా?" అంది. "నీ చావు నాకియ్యమని నేను అడిగేనా?"

"నీకేటి ఇచ్చేను? నాలుగు గంటల కరెంటు ఇచ్చేను. నోర్మూసుకుని పడుకో," అన్నాను.

దానికి నామీద ఇంత కోపం నేనెప్పుడూ చూడలేదు. పప్పుగిన్నె విసిరింది. గిన్నె నాకు తగల్లేదు, గోడకి తగిలి సొట్టపోయింది. తగలకూడదని కాదు, చేతిలో బలం లేదు దానికి.

అంతలో జనం వచ్చారు, ఇంటికో చెంబు మంచినీళ్ళతో. ఉప్పెనలో పోయినవాళ్ళంతా ఉప్పునీళ్ళలో పోయారని, గుమ్మంలో మంచినీళ్ళు పోయడం మిట్ట ఆచారం. నేను గుమ్మంలోనే కూర్చుని ఉన్నాను. ఏం చెయ్యాలో వాళ్ళకి తోచలేదు. పక్కింటి గున్నమ్మ, కాస్త కాళ్ళు తియ్యి వేణీ అంది. తీశాను. పోసింది. ఒక్కొక్కరూ పోసి, నావైపు చూడకుండా వెళ్ళిపోయారు. ఒకామె అలవాటు కొద్దీ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, అంతలోనే తీసేసింది. ఇరవై చెంబుల మంచినీళ్ళు మట్టిలో కలిశాయి. మా ఇద్దరికీ నాలుగు రోజులు వచ్చేవి.

తవిటిది నలభై. నలభై నాలుగు ఉండాల్సింది.


219వ తుడుపు

నా పలక దాలినాయుడికిచ్చేశాను, తవిటికి అందకుండా. 221 దాకా నీ దగ్గరే ఉంచు, ఎవరడిగినా ఇవ్వకు అన్నాను. ఆయన దాన్ని రెండు చేతులతో పుచ్చుకున్నాడు. వదినా, మూడు రోజులు దాటితే పదకొండు నెలలు, ఆలోచించుకో అన్నాడు. ఆలోచించేది ఏముంది, నువ్వు చావలేదా అన్నాను. చచ్చినన్నాళ్ళూ నాకు తమ్ముడున్నాడన్నాడు. చచ్చినవాళ్ళకి మిట్ట మీద పని దొరికేది నా కొట్లోనే, వచ్చి తీగలు అతకడం నేర్చుకో అన్నాడు. సరేనన్నాను.

పని లేదు. నా పేరున బియ్యం ఆపేశారు. తవిటి బియ్యం ఇద్దరం తింటున్నాం. తవిటి నాతో మాట్లాడడం లేదు. సగం అన్నం నా కంచంలోకి తోసేసి అటు తిరిగి పడుకుంటోంది. నేనూ దాని కంచంలోకి తోస్తున్నాను. అన్నం ఇలా తిరుగుతోందే గాని ఎవరి కడుపులోకీ పోవడం లేదు.

పలక గుడ్డ కింద ఉంది. రెండింటికి ఒక్కసారి మాత్రం తీసి చూశాను. నలభై ఆరు.


220వ తుడుపు

పన్నెండింటికి నలభై అయిదు, రెండింటికి యాభై రెండవుతుంది.

తవిటికి చెప్పాను. అటు తిరిగే ఉంది. నీ పలక తెచ్చి పెట్టుకో అక్కా, ఈ పూట పెడితే రేపటిలోపు లేస్తుంది అంది. పెడితే రేపు నీకు నలభై మూడు, అన్నాను. ఉంటే ఉండనీ అంది. నీ మొగుడూ నా మొగుడూ ఒకేసారి పోయారు, ఇక మనిద్దరం కూడా జంటగా పోవాలనేం రాసిపెట్టి లేదు, అన్నాను. అనేశాక అనకూడని మాట అని తెలిసింది. అది లేచి వచ్చి నా పక్కన కూర్చుంది. పద్నాలుగు నెలల్లో వాళ్ళ ఊసు మేమిద్దరం ఎత్తడం అదే మొదలు. దాని భుజం నా భుజానికి తగులుతూ ఉంది. జ్వరం ఉన్నట్టుంది.


221వ తుడుపు

పొద్దున మైకులో మళ్ళీ నా పేరు. జాబితా నుంచి తీసేశారట. ఈసారి ఒకేసారి చదివాడు.

పదింటికి కరెంటు వచ్చింది. తవిటి చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, ఒక్కసారి కూడా తట్టలేదు. పన్నెండింటికి పలక దానంతటదే వెలిగింది. యాభై ఒకటి. కలిసింది.

డాక్టరు చిన్నపిల్లలా ఉంది, ముప్ఫై దాటవు. నన్ను పలక కన్ను పడని వైపు కూర్చోమని దాలినాయుడు ముందే చెప్పాడు. చచ్చినవాళ్ళు ఎదురుగా కనిపిస్తే పరీక్ష ఆపేసి విచారణ మొదలెడతారట. మంచం కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాను. అక్కడ్నుంచి నాకు అద్దం మూల, ఆ మూలలో అంకె కనిపిస్తున్నాయి.

పలకని గుండెకి ఆనించమంది, వీపుకి ఆనించమంది. గట్టిగా పీల్చమంది, వదలమంది, అంకెలు లెక్కపెట్టమంది. తవిటి పదకొండు దాకా లెక్కపెట్టి దగ్గులో పడింది. డాక్టరు ఓపిగ్గా ఆగింది. ఆవిడ ఓపిక పట్టిన ప్రతి నిమిషానికీ అంకె దిగుతోంది. నలభై. ముప్ఫై మూడు. ఇరవై నాలుగు. చార్జరు తగిలించే ఉంది, కాని ఆ ఐదు వాట్లు ఈ ఆకలికి ఏ మూలకి. పద్దెనిమిది దగ్గర డాక్టరు, మీకు బెడ్డు ఇస్తున్నానమ్మా, రేపు పొద్దున రోప్‌వేలో రండి, ఆరు నెలలు ఉండాలి, అంది. తవిటి దణ్ణం పెట్టింది. పన్నెండు.

ఇక ఒక్క ప్రశ్నే అంది డాక్టరు. "మీ ఇంట్లో ఇంకెవరూ లేరని ఉందమ్మా ఇక్కడ. మీ తోటికోడలు నీలవేణి... అయ్యో, ఈ పొద్దున్నే తీశారు. క్షమించండి. ఇది నిజమేనా?"

"కాదండీ. మా అక్క పోలేదు. ఇదిగో, ఇక్కడే ఉంది," అంది తవిటి.

డాక్టరు గొంతు ఇంకా మెత్తబడింది. "మూడు రోజులే కదమ్మా అయింది. ఇంట్లోనే తిరుగుతున్నట్టు అనిపిస్తుంది. మా అమ్మ పోయినప్పుడు నాకూ అనిపించింది."

"అనిపించడం కాదు..."

"జాబితా తప్పంటే నేనేమీ చెయ్యలేనమ్మా. మీ కాగితాలు మిట్ట ఆఫీసుకి తిప్పి పంపాలి. వాళ్ళు సరిచేసి పంపాక మళ్ళీ వరసలో పిలుస్తాం. ఈ బెడ్డు తర్వాతివాళ్ళకి పోతుంది. తప్పని రాయమంటారా?"

ఏడు. తవిటి నావైపు చూసింది. నేను చెయ్యెత్తి ఐదు వేళ్ళూ చూపించాను. నిజంగా ఏడే, ఆరు అవుతోంది, ఐదని అబద్ధం చెప్పాను. అది తల అడ్డంగా ఊపింది. నేను నేల మీద పడుకుని కళ్ళు మూసుకున్నాను, నోరు కాస్త తెరిచి, పీనుగ ఎలా ఉంటుందో అలా. చెప్పవే, చూడు, పోయాను కదా, అని దానికి తెలియాలని. ఇంకెలా చెప్పాలో తోచలేదు.

"పోయింది డాక్టరుగారూ," అంది తవిటి. "మా అక్క పోయింది. నాకెవరూ లేరు."

తోడు లేనివాళ్ళ వార్డు రాస్తున్నానంది డాక్టరు. వేలిముద్ర వెయ్యమంది. వేసింది. పలక ముద్ర తీసుకున్న చప్పుడు వినపడింది. ధైర్యంగా ఉండండమ్మా అంది. అద్దం నల్లబడింది.

నేను కళ్ళు తెరిచి ముందు పలక చూశాను. నాలుగు. ఆరలేదు. గుడ్డ కప్పాను. రెండింటి దాకా ఇంకో ఐదు ఎక్కుతుంది, రేపు పొద్దుటికి రెండో మూడో మిగులుతుంది, రోప్‌వే గేటు దాటడానికి అది చాలు. ఇదంతా లెక్క వేసుకుంటుండగా తవిటి ఏడవడం మొదలెట్టింది.

మామూలు ఏడుపు కాదు. పీనుగ దగ్గర కూర్చుని మా వైపు ఆడవాళ్ళు ఏడ్చే ఏడుపు, పేరుపెట్టి, చేసినవన్నీ ఒక్కొక్కటీ చెప్పుకుంటూ. నా ఎదురుగా కూర్చుని, నా మోకాళ్ళు పట్టుకుని, ఓలమ్మ నాయక్కా అని ఎత్తుకుంది. నేను కాపరానికొచ్చిన నాడు నా జడ చిక్కు తీసిన అక్కా అంది. నా బిడ్డ పురిట్లో పోతే ఎవరికీ చెప్పకుండా గుడ్డలుతికిన అక్కా అంది. మాడు నాకు పెట్టి మెతుకు నువ్వు తినేదానివి అని, అంతలోనే కాదు కాదు, మెతుకు నాకు పెట్టి మాడు తినేదానివని దిద్దుకుంది. రాకాసి నోరు పెట్టుకుని ఒక్కరోజు కూడా ఆ నోటితో పొమ్మనలేదే అంది. మాట మాటకీ దగ్గొస్తోంది, దగ్గాపుకుని మళ్ళీ ఎత్తుకుంటోంది. నా మొగుడు పోతే ఏడవలేదు, నువ్వు ఏడవలేదని నేను ఏడవలేదు, నువ్వు రాయిలా ఉంటే నీ పక్కన నేనెలా ఏడ్చేదాన్నంది. ఇవాళ నా నోటితో నిన్ను చంపేను, ఇవాళ ఏడుస్తాను, అడ్డురాకు అంది.

నేను అడ్డురాలేదు. నాకోసం ఎవరో ఏడుస్తుంటే వింటూ కూర్చున్నాను. ఎంతసేపు విన్నానో తెలీదు. గొంతులో ఏదో గీరుకున్నట్టయింది, నాకూ ఉప్పు పట్టిందేమో అనుకున్నాను. కాదు. నోట్లోంచి ఓ చప్పుడొచ్చింది. అది నా గొంతులా లేదు. ఆయన పేరు బయటికొచ్చింది. పద్నాలుగు నెలలుగా నోటికి రాని పేరు. ఇంక ఆగలేదు. తవిటి నన్ను పట్టుకుంది, నేను తవిటిని పట్టుకున్నాను, ఇద్దరికీ ఇద్దరు మొగుళ్ళు, మధ్యలో నేను, ముగ్గురు చచ్చినవాళ్ళ కోసం ఇద్దరం ఏడ్చాం. చాలా నొప్పి వేసింది. ఇంత నొప్పి లోపలుండగా ఇన్నాళ్ళూ అన్నం ఎలా తిన్నానో.

గున్నమ్మ గుమ్మం దాకా వచ్చి, చూసి, వెళ్ళిపోయింది.


222వ తుడుపు

రోప్‌వే దగ్గరికి ఇద్దరం నడిచాం. పది అడుగులకోసారి కూర్చోబెట్టాను. సంచీ నేను పట్టుకున్నాను. రెండు చీరలు, దువ్వెన, ఆ సొట్ట గిన్నె. గిన్నె ఎందుకే, అక్కడ గిన్నెలుండవా అన్నాను. ఉంటే ఉండనీ అంది.

మెట్ల దగ్గర గేటు. పలక చూపించిన మనిషికే తెరుచుకుంటుంది. తవిటి చూపించింది. రెండు పర్సెంటు. తెరుచుకుంది. నేను సంచీ అందించి ఇవతలే ఆగాను. గేటు దగ్గరున్నతను నన్ను చూసి, ఇక్కడ నిలబడకూడదు, పేరున్నవాళ్ళే నిలబడాలి అన్నాడు. సరేనని మెట్లు దిగి కింద నిలబడ్డాను.

రోప్‌వే డబ్బా కదిలింది. కిటికీకి చిన్న అద్దం ఉంది, అవతల తవిటి ఉందో ఇంకెవరో ఉన్నారో ఎండలో తెలియలేదు. చెయ్యి ఊపాలనిపించింది, ఎవరికని ఊపాలో తెలియక దించేశాను. తాడు కిర్రుమంటోంది, మధ్యమధ్య దాని దగ్గు వినిపిస్తోంది. వినిపించినంతసేపూ నిలబడ్డాను.